నాలుగో హార్నెస్

గురువారం ఉదయం పదిన్నరకు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కూర్చోమన్నా కూర్చోలేదు. భుజాన ఉన్న సంచిలోంచి నల్లటి పట్టీల చుట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. చచ్చిందో లేదో తెలియని పామును చూసినట్టు చూస్తోంది దాన్ని.

"నన్నెవరో చంపాలని చూస్తున్నారు. వాళ్ళు మా ఇంట్లోవాళ్ళే అయితే ఆ మాట ముందు నాకు చెప్పండి. మిగతావాళ్ళకి తరవాత చెబుదురుగాని," అంది.

బల్ల అవతల ఉన్న డిటెక్టివ్ పట్టీలను వెంటనే ముట్టుకోలేదు. ఆయన పద్దెనిమిదేళ్ళు ఒక బీమా కంపెనీ తరఫున, ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను పరీక్షించే సర్వేయరుగా పనిచేశాడు. సొంతంగా పరిశోధన మొదలుపెట్టి ఏడేళ్ళయినా అందరూ సర్వేయరు గారనే పిలుస్తారు. పక్క బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచిన నలభై ఎనిమిదేళ్ళ సహాయకురాలు అదే కంపెనీలో టైపిస్టు. ఆయన ఉద్యోగం మానిన వారానికే తనూ మానేసి, "మీ రిపోర్టులు టైపు చేశాక మిగతావాళ్ళవి చప్పగా ఉంటున్నాయి సార్" అంటూ వచ్చి కూర్చుంది. ఆయన ఏదైనా కనిపెట్టిన ప్రతిసారీ ఆవిడకు సొంత తమ్ముడు పరీక్ష పాసైనంత సంతోషం.

వచ్చినావిడ పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి చూసే ఈవిడకు, నెలకొక ఆదివారం ఊరి బయట రేసు ట్రాక్ మీద కారు నడపడమే సరదా. అది రేసు కారు కాదు. రోజూ క్లినిక్కుకు వెళ్ళే మామూలు కారే. తోటివాళ్ళు తమ కార్లలో సీటు బెల్టు బదులు నాలుగు పట్టీల హార్నెస్ బిగించుకుంటే చూసి ఈవిడా ఒకటి కొనుక్కుంది. రెండు పట్టీలు భుజాల మీదుగా, రెండు నడుముకు చెరోవైపు నుంచీ వచ్చి మధ్యలో ఒకే బకిల్‌లో కలుస్తాయి. మలుపులో కారు ఎంత ఒరిగినా మనిషి సీటుకు అతుక్కుని ఉంటుంది. అది కట్టుకున్నాకే తనకు నిజంగా ధైర్యం వచ్చిందని చెప్పింది డాక్టరు.

మొదటి హార్నెస్ రెండు నెలల కిందట, ట్రాక్ ఆదివారానికి రెండు రోజుల ముందు మాయమైంది. గ్యారేజీ షట్టరుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. కారులో ఖరీదైన పాటల పెట్టె, చలవ కళ్ళద్దాలు, హెల్మెట్ అన్నీ ఉన్నాయి. హార్నెస్ ఒక్కటే లేదు. ఆవిడ తాళం మార్చి రెండోది కొంది. ఒక తాళంచెవి తన దగ్గర, ఇంకొకటి కారు బాగోగులు చూసే మెకానిక్ దగ్గర. నెల తిరిగేసరికి అదీ పోయింది. అప్పుడు మెకానిక్ దగ్గరున్న తాళంచెవి వెనక్కి తీసుకుని మూడోది కొంది. ఈసారి ఎవరూ విప్పలేకుండా మెకానిక్ బోల్టు తలలను నేలకు వెల్డింగ్ చేశాడు. అడ్డంగా ఉన్న కంపెనీ సీటు బెల్టును ఊడదీసి అట్టపెట్టెలో పెట్టాడు.

"నిన్న పొద్దున తొమ్మిదింటికి చూసి వెళ్ళాను, బాగానే ఉంది. ఒంటిగంటకి ఇంటికొస్తే ఇలా కోసేసి ఉంది. తాళంచెవి నా పర్సులోనే ఉంది. ప్రపంచంలో దానికి ఇంకో తాళంచెవి లేదు," అంది.

ఎల్లుండి శనివారం మెకానిక్ వచ్చి నాలుగో హార్నెస్ బిగిస్తాడు. ఆదివారం ట్రాక్. మానేద్దామంటే మనసొప్పడం లేదు, వెళదామంటే భయం. అంతకన్నా పెద్ద భయం మరొకటుంది. అది చెప్పడానికి ఆవిడ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే: తను, భర్త, అత్తగారు. పోయిన ఏడు కారు ట్రాక్ మీద జారి గడ్డిలోకి వెళ్ళినప్పటి నుంచీ భర్త మానెయ్యమంటూనే ఉన్నాడు. నిన్న రాత్రంతా పక్కన పడుకున్న మనిషి ఊపిరి వింటూ, ఇతనేనా అని తనను తానే అడుగుతూ గడిపింది. బట్టలు సర్దిన పెట్టె ఒకటి ఇప్పుడు క్లినిక్కులో ఉంది.

"అత్తగారి సంగతి?" అని అడిగాడు సర్వేయరు.

డాక్టరు అలసటగా నవ్వింది. ఆవిడ అన్నిటికీ వద్దనే మనిషి. కారు కొన్నప్పుడు ఆ నీలం రంగు వద్దంది. క్లినిక్కు మేడమీద వద్దంది. వంటింటి కిటికీకి జాలీ వద్దంది. హార్నెస్ పెట్టె ఇంటికి వచ్చిననాడు పట్టీలు వేళ్ళతో తడిమి చూసి అదీ వద్దంది. పదేళ్ళుగా వినీ వినీ ఆ మాట చెవికి ఆనడం మానేసింది.

సర్వేయరు అప్పుడు పట్టీలను చేతిలోకి తీసుకుని, కోసిన కొసలను బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. టైపిస్టుకు అందించాడు. కొస నల్లగా, గోరులా గట్టిగా, నున్నగా మెరుస్తోంది. ఒక్క పోగు కూడా బయటికి రాలేదు. ఆవిడ నోటుపుస్తకంలో "వేడి కత్తి?" అని రాసుకుంది.

*

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఇంటికి వెళ్ళారు. గ్యారేజీ ఇంటి కింది భాగంలోనే ఉంది. ముందువైపు షట్టరు, వెనకవైపు బట్టలుతికే వసారాలోకి తెరుచుకునే పాత చెక్క తలుపు. ఆ తలుపు గడియ గ్యారేజీ వైపే వేసి ఉంది. దాన్ని తీసి ఏళ్ళయిందనీ, అవతలి వైపు ఇస్త్రీ బల్ల అడ్డంగా ఉంటుందనీ డాక్టరు చెప్పింది.

కారు తలుపు తీసి సర్వేయరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భుజం పట్టీలు రెండూ గుండె ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా తెగాయి. నడుము పట్టీలు బకిల్ పక్కనే తెగాయి. మిగిలిన ముక్కలు నేలకు వెల్డింగ్ చేసిన బోల్టుల దగ్గర వేలాడుతున్నాయి. ఆయన సీటు వెనక్కి టార్చి వేసి, భుజం పట్టీలు ఎక్కడికి దిగుతున్నాయో చూసి, నాలుక చప్పరించాడు.

"డాక్టర్ గారూ, మీ కంపెనీ సీటు బెల్టు అట్టపెట్టెలో ఉందన్నారు కదూ?"

"అవును, ఆ మూల."

"అక్కడ లేదు. ఇక్కడ ఉంది."

తెగిన పట్టీలను చూసిన కంగారులో డాక్టరు అది గమనించనేలేదు. పక్క స్తంభానికి, కింద సీటు పక్కన, బకిల్ దగ్గర, మూడుచోట్లా పాత సీటు బెల్టు తిరిగి బిగించి ఉంది. సర్వేయరు దాన్ని విసురుగా లాగాడు. టక్కున పట్టేసింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పట్టేసింది. మూడు బోల్టుల మీదా తల నుంచి పక్కనున్న రేకు మీదికి సాగిన సన్నటి తెల్లగీత ఒకటుంది. వేలితో రుద్దితే గీత చెరిగి, వేలికి తెల్లపొడి అంటింది.

మెకానిక్ పెట్టి ఉంటాడంది డాక్టరు. నిన్న తొమ్మిదికీ ఒంటిగంటకీ మధ్య మెకానిక్ దగ్గర తాళంచెవి లేదు కదా అని గుర్తుచేసింది టైపిస్టు.

సర్వేయరు చుట్టూ తిరిగి వసారాలోకి వెళ్ళాడు. ఇస్త్రీ బల్లను ఒక చేత్తో జరిపాడు, తేలిగ్గా జరిగింది. ఆ తలుపు వసారాలోకి తెరుచుకునేది కాబట్టి దాని మడతబందులు రెండూ వసారా వైపే ఉన్నాయి. ఒకదాని మీద వేలుపెట్టి టైపిస్టుకు చూపించాడు. నూనె తళతళలాడుతోంది. నీళ్ళలా పల్చటి నూనె, రంగు లేదు, వాసన లేదు.

"ఎన్నడూ తీయని తలుపుకి నూనె ఎందుకమ్మా?" అన్నాడు మెల్లగా.

*

శుక్రవారమంతా మాట్లాడించడంతోనే సరిపోయింది.

మెకానిక్‌ను వీధి మొత్తం పానా అనే పిలుస్తుంది. నిద్రలో కూడా చేతిలో పానా ఉంటుందని భార్య ఎవరితోనో అన్నదట, అప్పటి నుంచీ అదే పేరు. డాక్టరమ్మ తాళంచెవి వెనక్కి తీసుకున్న సంగతి నలుగురికీ తెలిసి, పాత ఖాతాదార్లు ఇద్దరు కార్లు వదిలి వెళ్ళడానికి తటపటాయించారని బాధపడ్డాడు. బోల్టుల మీద తెల్లగీత తనది కాదన్నాడు. తను ఎర్ర పెయింటు చుక్క పెడతాడు. సర్వేయరు ఆ బిగింపు ఎలా ఉందో చూసి చెప్పమంటే, పొద్దున్నే వెళ్ళి చూశానన్నాడు.

"పని తెలిసిన చెయ్యి సార్ అది. వాషరు కూడా తిరగేసి పెట్టలేదు. మా షెడ్డులో వాళ్ళయితే ఇద్దరిలో ఒకడు తిరగేస్తాడు."

హార్నెస్ ఎక్కడ బిగించాలో ఎవరు చెప్పారని అడిగితే, వీడియోలో చూశాననీ, వెనక సీటు బెల్టుల బోల్టు రంధ్రాలు నేలమీద సిద్ధంగా ఉన్నాయి కాబట్టి భుజం పట్టీలు అక్కడికే దించాననీ చెప్పాడు. సర్వేయరు తల ఊపాడు.

ట్రాక్ మీద అందరూ తుఫాను అని పిలిచే మనిషి నిజానికి పరుపుల వ్యాపారి. మనుషులను మెత్తగా పడుకోబెట్టడం ఆయన వృత్తి, నిద్రలేపడం ఆయన సరదా. డాక్టరమ్మ ఇప్పటికి రెండుసార్లు తనను దాటేసిందని దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ కారు అమ్మెయ్యమని కూడా అడిగాడట. బుధవారం పొద్దున ఎక్కడున్నారంటే, ఒక హోటలుకు నలభై పరుపులు దించుతూ ఉన్నానని రసీదు తీసి చూపించాడు. పైగా, ఆవిడ లేకపోతే తనకు పోటీ ఎవరని నొచ్చుకున్నాడు.

డాక్టరు భర్తకు బజారు వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టుంది. కంటికి భూతద్దం తగిలించుకుని పనిచేస్తున్నాడు. ఎడమ బుగ్గ వాచి ఉంది. టైపిస్టు చూపు నేరుగా బల్ల మీదికి వెళ్ళింది. పల్చటి నూనె సీసా, పక్కనే వేడి చేసి అతికే సోల్డరింగ్ పుల్ల. ఆవిడ రెంటినీ నోటుపుస్తకంలోకి ఎక్కించింది.

భార్యను ట్రాక్‌కు వెళ్ళొద్దన్న మాట నిజమేనని అతను ఒప్పుకున్నాడు. "భయం సార్. కానీ తను అక్కణ్ణించి వచ్చిన రోజు మొహం చూడాలి మీరు. ఆ మొహం కోసం భయాన్ని నేనే మింగుతున్నా," అన్నాడు. బుధవారం పొద్దున ఎక్కడున్నావంటే వాచిన బుగ్గ చూపించాడు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా భార్య క్లినిక్కులోనే ఉన్నాడు. గంటసేపు ఆవిడ కుర్చీలో నోరు తెరుచుకుని, మిగతా సమయం బయటి బెంచీ మీద దూది కరుచుకుని. లోపల వేరే రోగులతో ఉన్న ఆవిడ, అతను ఎప్పుడో వెళ్ళిపోయాడనుకుంది.

మాటల్లో వాళ్ళమ్మ ప్రస్తావన వచ్చింది. నాన్న చిన్నప్పుడే పోయారనీ, అమ్మ బెల్టుల కంపెనీలో కుట్టుపని చేసి తనను చదివించిందనీ చెప్పాడు. ఏ బెల్టులని సర్వేయరు అడిగాడు. అతను తల వంచి తన నడుము వైపు చూసుకుని, "బెల్టులే సార్," అన్నాడు.

అత్తగారికి అరవై ఏడేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటుంది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని కర్టెను అంచు కుడుతోంది. నలభై ఏళ్ళనాటి మిషను, అయినా చప్పుడు లేదు. సర్వేయరు దాన్ని మెచ్చుకుంటే, మిషనైనా మనిషైనా నూనె చుక్క పడితే అరవకుండా పనిచేస్తుందంది. కోడలి కారు సంగతి ఎత్తితే, "ఆ బండి జోలికి నేను పోను బాబూ. నా మాట ఎవరికి కావాలి," అని తల తిప్పుకుంది. కంపెనీలో ఏం కుట్టేవారంటే, "ఏదో, మందపాటి గుడ్డ," అంది. అతిథుల కాఫీ గ్లాసులు తీసుకెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది: "రేపు ఆ నాలుగోది బిగించేస్తారా?"

"బిగిస్తారండీ," అన్నాడు సర్వేయరు.

ఆవిడ చేతిలో గ్లాసులు టంగుమన్నాయి.

తిరిగి వస్తుంటే టైపిస్టు, తన అనుమానం భర్త మీదేనని చెప్పింది. నూనె ఉంది, వేడి పుల్ల ఉంది, మనసులో భయం ఉంది. క్లినిక్కు కుర్చీలోనూ బెంచీ మీదా గడిపిన ఆ మూడు గంటలే అడ్డం వస్తున్నాయి. సర్వేయరు నవ్వి, ఆ మూడు గంటలూ అతనివే, మనం ముట్టుకోవద్దన్నాడు. దారిలో బండి సామాన్ల కొట్టు దగ్గర ఆగి రెండు గజాల కొత్త నైలాన్ నవారు పట్టీ, అయిదు కత్తెరలు కొన్నాడు.

*

శనివారం పదింటికి అందరూ డాక్టరు ఇంటి ముందుగదిలో చేరారు. డాక్టరు, భర్త చెరో చివర కూర్చున్నారు. పానా గుమ్మం దగ్గర, పక్కన నాలుగో హార్నెస్ పెట్టె పెట్టుకుని నిలబడ్డాడు. పరుపుల వ్యాపారి సోఫా మధ్యలో కూర్చుని దాని మెత్తదనం పరీక్షిస్తున్నాడు. అత్తగారు కిటికీ పక్కన తన కుర్చీలోనే ఉంది.

సర్వేయరు నిలబడే మాట్లాడాడు. మొదట డాక్టరు వైపు తిరిగాడు.

"చంపాలనుకున్నవాడు కనబడేలా కొయ్యడు. కనబడకుండా, సీటు కింద, సగం మాత్రమే కోస్తాడు. కట్టుకున్నప్పుడు బాగుండాలి, తెగాల్సినప్పుడు తెగాలి. మీ పట్టీలు గుండెల మీద, కళ్ళెదురుగా, పూర్తిగా తెగాయి. అంటే మీరు చూడాలనీ, కట్టుకోకూడదనీ కోశారు. కోసి ఊరుకోలేదు. పాత సీటు బెల్టు పెట్టెలోంచి తీసి, మూడు బోల్టులూ బిగించి వెళ్ళారు. మీ ప్రాణం తియ్యాలనుకున్నవాళ్ళు మీకు బెల్టు ఎందుకు పెడతారమ్మా?"

డాక్టరు భర్త వైపు, మూడు రోజుల్లో మొదటిసారి, నేరుగా చూసింది.

ఆ మనిషి షట్టరులోంచి రాలేదని వివరించాడు సర్వేయరు. వసారా తలుపుకు గడియ అటువైపు ఉన్నా మడతబందులు ఇటువైపు ఉన్నాయి. వాటి మధ్యలో ఉండే ఇనప పుల్లలు రెండూ పైకి తట్టి లాగేస్తే, తలుపు గడియ వేసి ఉండగానే రెండో పక్క నుంచి తెరుచుకుంటుంది. పని అయ్యాక పుల్లలు మళ్ళీ దించెయ్యవచ్చు. ఏళ్ళ తుప్పు కదలాలంటే నూనె కావాలి. ఆ నూనె ఇంకా ఆరలేదు. కాబట్టి వచ్చింది ఇంట్లోంచే. పానాకు ఇక తాళంచెవి మచ్చ లేదు.

"మిగతాది మీరే చెబుతారు," అంటూ ఆయన నవారు పట్టీని అయిదు ముక్కలు చేయించి, అయిదుగురికీ తలా ఒక ముక్క, ఒక కత్తెర ఇచ్చాడు. మధ్యకు కోసి బల్ల మీద పెట్టమన్నాడు.

పానా ఒక్క వేటున కోసి పెట్టాడు. పరుపుల వ్యాపారి కోస్తూనే పోటీలా చుట్టూ చూశాడు. భర్త కొలిచి మధ్యకు మడిచి కోశాడు. డాక్టరు కోసింది వంకరగా తెగింది. బల్ల మీద ఎనిమిది ముక్కలు, అన్నిటి కొసలూ అప్పుడే పోగులు వదిలి కుచ్చుల్లా విచ్చుకుంటున్నాయి.

అత్తగారు కత్తెర ముట్టుకోలేదు. ఆ ఎనిమిది కొసల వైపే చూస్తోంది. ఊడిపోతున్న పోగులను చూడలేనట్టు ఆవిడ వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. చివరికి నిట్టూర్చింది.

"ముందు ఒక కొవ్వొత్తి తెండి. కొసలు కాల్చకుండా నేను నవారు కొయ్యను."

టైపిస్టు చేతిలో పెన్ను ఆగిపోయింది.

"పాడుచేసేవాళ్ళకి పోగులు ఊడితేనేం, ఉంటేనేం," అన్నాడు సర్వేయరు ఆవిడకు మాత్రమే చెబుతున్నట్టు. "పాడుచేస్తూ కూడా అంచు కాల్చకుండా ఉండలేని చెయ్యి ఒకటే ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చెయ్యి. బోల్టు బిగించాక, సరిచూశానని దాని మీద గీత గీసేది బెల్టులు పరీక్షించే గదుల్లో. ఆ గీత మీరు దర్జీ సుద్దతో గీశారు. ఎన్నేళ్ళు చేశారమ్మగారూ?"

"ఇరవై ఆరు. పదిహేనేళ్ళు కుట్టు విభాగం, పదకొండేళ్ళు పరీక్షల గది," అంది ఆవిడ.

కొడుకు నోరు తెరిచి, వాపు నొప్పి పెట్టి మూసుకున్నాడు. ఆవిడ కోడలి వైపు చూడకుండా, మిషను వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. ఆ కంపెనీ కార్లకూ, ఎత్తుల మీద పనిచేసేవాళ్ళకూ బెల్టులు చేసేది. పరీక్షల గదిలో మనిషంత బరువున్న బొమ్మను సీటులో కట్టి, పట్టాల మీద తోసి, ఒక్కసారిగా ఆపేవాళ్ళు. కోడలు కొన్నలాంటి నాలుగు పట్టీలు మామూలు సీటులో కడితే ఏమవుతుందో ఆవిడ ఎన్నోసార్లు చూసింది. భుజం పట్టీలు బకిల్‌ను పైకి లాగుతాయి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద నుంచి లేచి మెత్తటి పొట్ట మీదికి వస్తుంది. బొమ్మ దాని కిందుగా ముందుకు జారిపోతుంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీలు ఉంటే అలా జారదు. పైగా ఇక్కడ భుజం పట్టీలను వెనక నేలలోకి దించారు. బండి ఆగినప్పుడు అవి భుజాలను కిందికి నొక్కి వెన్నును కుదిస్తాయి.

"బండి బోర్లా పడితే ఇంకోటి," అంది ఆవిడ. "కప్పు నొక్కుకుపోతే, మామూలు బెల్టు కట్టుకున్న మనిషి పక్కకి ఒరగ్గలదు. దీంట్లో కదల్లేదు. కప్పుని ఆపే ఇనప కమాను సీటు వెనక లేనప్పుడు, అలా బిగించి కూర్చోబెట్టడమంటే మెడ అప్పగించడమే."

పానా పక్కనున్న పెట్టెను కాలితో దూరంగా తోశాడు. తనకు తెలియదని అతను గొణిగితే, నీ తప్పు కాదు నాయనా, వీడియోలో బొమ్మ లేదుగా అంది ఆవిడ. అతని తాళంచెవి పోవడానికి మాత్రం తనే కారణమంటూ చేతులు జోడించింది. అతను గబగబా వచ్చి ఆ చేతులు దించేశాడు.

అప్పుడు డాక్టరు మాట్లాడింది. గొంతులో కోపం ఉంది, కోపం కన్నా ఎక్కువగా ఇంకేదో ఉంది. "నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా. నేను ఈయన్ని అనుమానించాను. ఇల్లు వదిలి పోదామని పెట్టె సర్దుకున్నాను."

"చెప్పానమ్మాయ్. వద్దని చెప్పాను." ఆవిడ ఇప్పుడు కోడలి మొహంలోకి చూసింది. "కానీ నేను రంగూ వద్దన్నాను, మేడా వద్దన్నాను, కిటికీకి జాలీ వద్దన్నాను. 'నాన్నా పులి' కథలో పిల్లవాడి గతే నాదీనూ. నిజంగా వద్దనాల్సిన రోజు వచ్చేసరికి ఆ మాట అరిగిపోయింది. అందుకని దొంగతనం చేశాను. మొదటి రెండూ నా ట్రంకుపెట్టెలో చుట్టిపెట్టాను, చెక్కుచెదరలేదు. మూడోది విప్పబోతే బోల్టులు కదల్లేదు. కొయ్యాల్సి వచ్చింది. కోస్తే నువ్వింత భయపడతావనుకోలేదు. అది నా తప్పే."

దొంగతనం దొంగతనమేనని సర్వేయరు మెత్తగానే అన్నాడు. మంచి మాట దొడ్డిదారిన వస్తే దాన్ని కూడా దొంగ అనే అనుకుంటారు. ఒక కాపురం మూడు రోజులూ, ఒక మెకానిక్ పేరు నెల రోజులూ గాలిలో ఊగాయి. ఆవిడ తల ఊపింది.

డాక్టరు లేచి వెళ్ళి భర్త పక్కన ఒక్క క్షణం నిలబడి, అతని వాచిన బుగ్గ మీద అరచెయ్యి ఆనించింది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి, అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"మరి నేను ఏది కట్టుకోవాలి అత్తయ్యా?"

పదేళ్ళలో కోడలు ఆవిడను సలహా అడగడం అదే మొదలు. ఆవిడ సొరుగులోంచి కొలతల టేపు తీసి మెడలో వేసుకుని, "బండి దగ్గరికి పద, ఇక్కడ కూర్చుని చెబితే అయ్యే పని కాదు," అంది.

ఆ తరవాతి గంటన్నరలో రాసుకున్నవి టైపిస్టు జీవితంలో రాసిన అన్ని నోట్సులోకీ చక్కనివి. కోడల్ని సీటులో కూర్చోబెట్టి ఆవిడ భుజం ఎత్తు కొలిచింది. పానా కాగితం మీద గీస్తూ పోయాడు. రేపటికి మాత్రం కంపెనీ సీటు బెల్టే. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకునే ఏర్పాటుతో సహా ఈ సీటుకు సరిపడేలా చేసింది అదే. హార్నెస్ కావాలంటే ముందు సీటు వెనక కమాను రావాలి. ఆ కమానుకు భుజాల ఎత్తున, మహా అయితే వేలెడు కిందికి, అడ్డ కడ్డీ ఉండాలి. పట్టీలు అక్కణ్ణించి దాదాపు సమంగా రావాలి. కాళ్ళ మధ్య పట్టీలు రావడానికి అడుగున రంధ్రాలున్న గట్టి సీటు కావాలి. పట్టీలు ఆరు. హెల్మెట్ ముందుకు విసిరిపోకుండా మెడకు పట్టుగా ఉండే సాధనం ఒకటి. ఇవన్నీ కలిస్తేనే హార్నెస్, విడివిడిగా ఏదీ పనికిరాదు. ఎన్నాళ్ళు పడుతుందని డాక్టరు అడిగింది. రెండు నెలలన్నాడు పానా. మూడు నెలలు తీసుకోమంది అత్తగారు. నాలుగో హార్నెస్ పెట్టె, టేపు ఊడకుండానే, కొట్టుకు వాపసు వెళ్ళింది.

*

మర్నాడు ట్రాక్ దగ్గరికి సర్వేయరూ టైపిస్టూ కూడా వెళ్ళారు. డాక్టరు మామూలు సీటు బెల్టుతోనే తిరిగింది. మలుపుల్లో కాస్త నెమ్మదించింది. తుఫాను ఆవిడను రెండుసార్లు దాటేశాడు. అయినా కారు దిగినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో, కంచె దగ్గర నిలబడ్డ గడియారాల మనిషిని చూస్తే తెలిసిపోయింది.

అత్తగారు కార్లు ఆగే చోట మడత కుర్చీలో కూర్చుంది. కోడలు ఆవిడ సంగతి ఎవరికో చెప్పింది, ఆ ఎవరో మరొకరికి చెప్పారు. మధ్యాహ్నానికల్లా ఆవిడ ముందు మూడు కార్లు వరసకట్టాయి. అందరికన్నా ముందున్నది పరుపుల వ్యాపారి. ఊరికే చూడమన్నాడు. తనది ఖరీదైన హార్నెస్, ఆరు పట్టీలది, వెనక కమాను కూడా ఉందని గర్వంగా తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆవిడ కమానును తట్టి చూసి మెచ్చుకుంది. పట్టీల కోణం బాగుందంది. తరవాత భుజం పట్టీని వేళ్ళ మధ్య మడిచి, వెలిసిన రంగు చూసి, చివర కుట్టిన చిన్న గుడ్డముక్క మీది తారీఖు చదివింది.

"దీని గడువు తీరి మూడేళ్ళయింది నాయనా. ఎండలో నవారు లోపల లోపలే చచ్చిపోతుంది. చూట్టానికి మాత్రం బతికే ఉంటుంది. దీన్ని తీసెయ్యి."

అతను నవ్వబోయాడు. చుట్టూ ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగాడు. ఇంకా నాలుగు చుట్లు మిగిలి ఉన్నాయనీ, ఇవాళ్టికి పోనిమ్మనీ బతిమాలాడు. ఆవిడ గొంతు పెంచలేదు. వద్దంది, అంతే.

పరుపుల వ్యాపారి ఇంజను ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఆ పట్టీలు మార్చేదాకా నడపనంటూ కారు అక్కడే వదిలి, ఆటో కోసం గేటు వైపు నడిచాడు. డాక్టరు చెయ్యి ఊపుతూ రెండో కారును ముందుకు రమ్మంది.